సాన్ మాలో ఒక్క రోజులో చూసి నిరాశపడ్డాం. మా తప్పెక్కడ జరిగింది?

గోదారి_గట్టు
అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి నెలన్నర అయింది. పారిస్‌లో చూపించాల్సినవన్నీ అయిపోయాయి. సముద్రం ఒడ్డున కోటగోడ మధ్య ఊరు, గోడ మీదే ఊరు చుట్టూ నడవొచ్చు అని ఆఫీసులో ఎవరో చెబితే పోయిన వారం ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రెతాన్ వైపు సాన్ మాలో తీసుకెళ్ళాను. పదకొండున్నరకి రైలు దిగాం, సాయంత్రం ఆరు దాటాక తిరుగు రైలు.

గోడ మీద నడిచాం, బాగుంది. కానీ ఎదురుగా ఉన్న చిన్న దీవికి నడిచి వెళ్ళొచ్చని చదివి వెళ్తే అక్కడ దారే లేదు, అంతా నీళ్ళు. ఇంకో రాయి మీద కోట ఉంది, దాని చుట్టూ కూడా నీళ్ళే. ఇసుక తీరం అన్నారు, గోడ కింద అలలు తప్ప ఇసుక కనపడలేదు. లోపల వీధుల్లో బిస్కట్ల కొట్లు, చారల బనీన్ల కొట్లు, జనం. ఇంతలో ఒక కొట్టులో ఆవిడ ఈ ఇళ్ళన్నీ యుద్ధం తర్వాత కట్టినవే అంది. నాన్న అది విని, "అయితే ఈ ఊరు నా ఈడుదేనా" అన్నారు. ఆయన పుట్టింది 1953లో.

ముగ్గురికి రైలు టికెట్లు, అమ్మకి మోకాళ్ళ నొప్పి, తిరిగొచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మీలో వెళ్ళినవాళ్ళు చెప్పండి, మేం ఏం తప్పు చేశాం?

పారిస్_పద్మ
మాకూ అచ్చం ఇలాగే అయింది. నీళ్ళు, గోడ, ఐస్‌క్రీం, వెనక్కి. నేనైతే మళ్ళీ వెళ్ళను.

రెన్_రవి
గోదారి గట్టు గారూ, మీరు దిగిన టైమ్ చూస్తేనే అర్థమైంది. సముద్రం పోటు మీద, అంటే నీళ్ళు పైకొచ్చి ఉన్నప్పుడు మీరు వెళ్ళారు. నేను రెన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, సాన్ మాలో ఇక్కడికి రైల్లో గంట లోపే. ఇరవైసార్లయినా వెళ్ళి ఉంటాను. మొదటిసారి మీలాగే తెల్లబోయాను.

ఆ ఊరు చూడ్డమంటే ముందు సముద్రం టైమ్ చూడ్డం. మన విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు, అందుకే మనకి ఆ ఆలోచనే రాదు. సాన్ మాలోలో పెద్ద పోటు రోజుల్లో తేడా 13 మీటర్ల దాకా పోతుంది. నాలుగంతస్తుల ఇల్లు మునిగి తేలినట్టు. యూరప్ మొత్తంలో ఇంత తేడా ఉండే చోట్లు బహు తక్కువ. పొద్దున మీరు చూసిన సముద్రం మధ్యాహ్నానికి అక్కడ ఉండదు. ఆ దీవి పేరు గ్రాన్ బే. ఆటు సమయంలో ఇసుక మీద, రాళ్ళు పరిచిన దారి మీద చెప్పులు తడవకుండా నడిచి వెళ్ళొచ్చు.

టూరిస్ట్ ఆఫీసులో ఆటుపోట్ల పట్టిక ఉంటుంది. రోజూ పోటు ఎన్నింటికి, ఆటు ఎన్నింటికి అని, పక్కనే 20 నుంచి 120 దాకా ఒక అంకె వేస్తారు. అది ఎంత ఎక్కువైతే నీళ్ళు అంత పైకి వస్తాయి, అంత దూరం వెనక్కి పోతాయి. 95 దాటితే మంచి పోటు, 110 దాటితే చూడాల్సిన పోటు. మీరు వెళ్ళిన రోజు ఆ అంకె తక్కువై ఉంటుంది.

గోదారి_గట్టు
అంకె సంగతి ఎవరూ చెప్పలేదండీ. నేను వాన పడుతుందా లేదా అని మాత్రం చూసుకున్నాను.

పంచాంగం_ప్రసాద్
రవి గారు చెప్పిన అంకెకి మన ఇంట్లోనే పట్టిక ఉంది. మీరు వెళ్ళిన రోజు తిథి ఏమిటో మీ అమ్మగారిని అడగండి. అష్టమి, నవమి, దశమి ప్రాంతంలో అయి ఉండాలి.

గోదారి_గట్టు
అమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాలెండర్ చూసి చెప్పింది. శుద్ధ నవమి! మీకెలా తెలిసింది?

పంచాంగం_ప్రసాద్
మాది ఉప్పాడ దగ్గర. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళందరికీ ఇది తెలుసు. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు, పోటు పెద్దది. అష్టమికి అడ్డంగా లాగుతారు, పోటు చిన్నది. నీళ్ళు ఆ లాగుడుకి కొంచెం ఆలస్యంగా స్పందిస్తాయి, కాబట్టి అసలు పెద్ద పోటు విదియ, తదియల్లో వస్తుంది. అసలు చిన్నది నవమి, దశమికి.

ఇంకో తమాషా ఏమిటంటే ఒక ఊళ్ళో పెద్ద పోటు వచ్చే గడియ ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. రవి గారూ, సాన్ మాలోలో పున్నమి వెళ్ళిన విదియకి పోటు ఎన్నింటికి వస్తుంది?

రెన్_రవి
అబ్బ, ఇన్నేళ్ళూ ఈ కోణంలో ఆలోచించలేదు. వేసవి టైమ్‌లో అయితే పొద్దున తొమ్మిది ప్రాంతం, మళ్ళీ రాత్రి తొమ్మిది ప్రాంతం. మధ్యలో మూడు, మూడున్నరకి ఆటు. నవమికి తిరగబడుతుంది. మధ్యాహ్నం మూడింటికి పోటు. అంటే గోదారి గట్టు గారు ఊళ్ళో ఉన్నంతసేపూ నీళ్ళు గోడ దగ్గరే!

పంచాంగం_ప్రసాద్
అంతేనండి. పగటిపూట ఇసుక, రాత్రి అలలు కావాలంటే విదియ, తదియ. బ్రెతాన్‌వాళ్ళ పట్టికా మన పంచాంగమూ చూసేది ఒకే చంద్రుణ్ణి. కానీ తిథి రోజు ఎంచుకోవడానికి మాత్రమే. దీవికి దాటేటప్పుడు గంటా నిమిషమూ అక్కడి పట్టికలోనే చూసుకోవాలి.

కాకినాడ_కాజా
నా ప్రశ్నకి ఎవరూ నవ్వకండి. సెయింట్ మాలో అంటే "మాలో ఒక సెయింట్" అనుకున్నాను ఇన్నాళ్ళూ.

రెన్_రవి
@కాకినాడ_కాజా మాలో అనేది ఆ సాధువు పేరే. సముద్రం దాటి ఇక్కడికి వచ్చాడని చెప్పుకుంటారు. ఇక్కడివాళ్ళు టీ పలకరు, సాన్ మలో అంటారు. మీ అర్థం కూడా బాగుంది, ఊరివాళ్ళకి చెబితే సంతోషిస్తారు.

ఓరుగల్లు_వేణు
ఆటుపోట్లు సరే. కానీ ఆ కొట్టు ఆవిడ చెప్పింది నిజమే కదా. 1944 ఆగస్టులో అమెరికన్ల బాంబులకీ మంటలకీ గోడల లోపలి ఊరు దాదాపు 80 శాతం నేలమట్టమైంది. ఇప్పుడున్నది 1950లలో కట్టిన కాంక్రీటు, ముందు వైపు మాత్రం గ్రానైటు. పాత ఊరు చూడాలనుకుంటే దినాన్ వెళ్ళండి. రాన్స్ నది మీద లోపలికి ఓ ముప్ఫై కిలోమీటర్లు. అక్కడా దాదాపు మూడు కిలోమీటర్ల గోడ ఉంది, కర్రదూలాల ఇళ్ళు అసలువే, రేవు నుంచి ఊళ్ళోకి ఎక్కే జెర్జువాల్ వీధి రాళ్ళు శతాబ్దాల కాళ్ళకి అరిగి ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే నా ఓటు దినాన్‌కే.

బందరు_లడ్డు
వేణు గారూ, జెర్జువాల్ వీధి ఎక్కించారా ఎప్పుడైనా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని? నేను మా అత్తగారిని ఎక్కించి నెలరోజులు మాట వినాల్సి వచ్చింది. నిలువుగా ఉంటుంది, వాన పడితే జారుడు.

ఓరుగల్లు_వేణు
అది ఒప్పుకుంటాను. కింద రేవుకి దిగకుండా పైనే తిరగొచ్చు కదా.

పారిస్_పద్మ
దినాన్ అనుకుని దినార్‌లో హోటల్ బుక్ చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, నేనేనా?

రెన్_రవి
@పారిస్_పద్మ మీరు మూడోవారు, నాకు తెలిసి. దినార్ అయితే సాన్ మాలోకి ఎదురొడ్డే, సీజన్‌లో పడవలో పది నిమిషాలు. అక్కడి నుంచి గోడలూ, మధ్యలో చర్చి శిఖరమూ కలిపి కనిపిస్తాయి. పొరపాటే కానీ నష్టం లేదు.

పాతరాయి
వేణు గారితో నాకు పేచీ ఉంది. నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, ఈ ఊరి మీద నాకు ప్రేమ ఎక్కువ, కాబట్టి పొడుగ్గా రాస్తాను.

మొదటి సంగతి, గోడలు కొత్తవి కావు. ఊరంతా కాలిపోయినా గోడలు చాలావరకు నిలబడ్డాయి. మీరు నడిచిన ఆ ఒకటిముప్పావు కిలోమీటరు అసలుదే. కొంత భాగం పన్నెండో శతాబ్దం నాటిది, ఎక్కువ భాగం కోటల ఇంజనీరు వోబాన్ ప్రణాళిక ప్రకారం పద్దెనిమిదో శతాబ్దంలో పెంచింది. కోట ఉంది, ఇప్పుడు అందులో మునిసిపాలిటీ ఆఫీసు నడుస్తోంది. మాగోన్ అనే ఓడల వ్యాపారి 1725లో కట్టించుకున్న అస్‌ఫెల్డ్ భవనం కూడా నిలిచింది, లోపలికి వెళ్ళి చూడొచ్చు.

రెండోది, మళ్ళీ కట్టిన తీరు. అప్పట్లో యుద్ధంలో పోయిన ఊళ్ళని చాలాచోట్ల వెడల్పాటి రోడ్లతో, కొత్త పద్ధతి బిల్డింగులతో కట్టారు. ఇక్కడివాళ్ళు మా ఊరు మాకు కావాలన్నారు. శిథిలాల్లోంచి పనికొచ్చే గ్రానైటు ఏరి తీశారు. లూయీ అరెచ్ అనే వాస్తుశిల్పి చేతిలో పడింది ఆ పని. పాత ఇంటిని అచ్చు గుద్దినట్టు మళ్ళీ కట్టలేదు, ఎత్తు, కప్పు వాలు, పొగగొట్టాల వరస, గోడ రంగు మాత్రం నిలిపి, లోపలికి గాలీ వెలుతురూ వచ్చేలా వీధులూ పెరళ్ళూ కొంచెం వెడల్పు చేశారు. దూరం నుంచి, సముద్రం మీంచి చూస్తే 1700ల నాటి ఊరే.

దగ్గరగా చూడాలంటే సాయంత్రం ఏటవాలు ఎండలో ఏదో ఒక గోడ ముందు నిలబడండి. కొత్త రాయి అంచు కత్తితో కోసినట్టుంటుంది. పాత రాయి మూలలు అరిగి ఉంటాయి, కొన్నిటి మీద నల్లగా కాలిన మచ్చ. రెండూ ఒకే వరసలో పేర్చి ఉంటాయి. నేను ఒక రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. గోదారి గట్టు గారూ, మీ నాన్నగారు తన ఈడు ఊరు అన్నారే, నాకైతే అది ఆ ఊరికి పెద్ద మర్యాదగా వినిపించింది.

గోదారి_గట్టు
ఇది నాన్నకి చదివి వినిపించాను. "మరి ఆ రోజు ఇదంతా చెప్పేవాడు ఒక్కడూ లేడు" అన్నారు.

ఓరుగల్లు_వేణు
పాతరాయి గారూ, నేను మాట వెనక్కి తీసుకోను కానీ సగం తగ్గిస్తాను. చర్చి సంగతి మీరు రాయలేదు. శిఖరం కూలిపోతే మళ్ళీ నిలబెట్టేసరికి 1971 అయింది. రంగు అద్దాలు కొత్తవే, కొన్ని ఝాన్ లె మోల్ అనే చిత్రకారుడు చేసినవి. ఎండ పడ్డప్పుడు నేల మీద ఎర్రటి, నీలపు ముక్కలు పరుచుకుంటాయి. ఆ ఒక్క కొత్తదానికీ నేను దణ్ణం పెడతాను.

మాంట్రియల్_మధు
ఆ చర్చిలోనే నావికుడు జాక్ కార్తియే సమాధి. మా కెనడావాళ్ళకి ఆ ఊరు చాలా దగ్గర. 1534లో ఆయన సాన్ మాలో నుంచే బయల్దేరి ఇటు వచ్చాడు. తర్వాతి ఏడాది రెండో ప్రయాణానికి ముందు ఆ చర్చిలో దీవెనలు తీసుకున్న చోట నేల మీద గుర్తు వేసి ఉంది. మా పాప బళ్ళో ఆయన పాఠం చదివింది కాబట్టి దాని కోసమే వెళ్ళాం.

బందరు_లడ్డు
అమెరికాలు, కెనడాలు సరే, మన సంగతి చెప్పండి ఎవరైనా. బందర్లో మా అమ్మమ్మగారి ఇల్లు పరాసుపేటలో. పరాసులు అంటే ఫ్రెంచివాళ్ళే. 1669లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు, మన అద్దకం బట్టలు కొనుక్కుపోవడానికి. ఆ బట్టలు అక్కడ ఎంతలా అమ్ముడయ్యాయంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు రాజు నిషేధం పెట్టాడు, 1759 దాకా ఎత్తలేదు. పాతరాయి గారు చెప్పిన ఆ మాగోన్ ఫ్రెంచివాళ్ళ తూర్పు దేశాల వర్తక కంపెనీకే డైరెక్టరు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కంపెనీకి డబ్బుల్లేక సాన్ మాలో వర్తకులే తమ ఓడల్ని పుదుచ్చేరికి పంపారు. నేను ఆ భవనం కింది గదుల్లో నిలబడి మా అమ్మమ్మ వీధిని తలచుకున్నాను. ఒళ్ళు జలదరించింది.

యానాం_యాత్రికుడు
మాది యానాం, మా తాతగారి వల్ల ఫ్రెంచి పాస్‌పోర్టు. లడ్డు గారి మాటకి ఇంకోటి కలుపుతాను. 1746లో మద్రాసు కోటని ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్న లా బూర్దొనే పుట్టింది సాన్ మాలోలోనే, 1699లో. అప్పటికి మారిషస్ గవర్నరు. అక్కణ్ణుంచే ఓడలు కూడగట్టుకుని వచ్చాడు. తర్వాత పుదుచ్చేరి గవర్నరు డూప్లేతో గొడవపడి, ఫ్రాన్సు వెళ్ళాక బాస్తీయ్ జైల్లో పడ్డాడు. మన చరిత్ర పుస్తకంలో డూప్లే పేరు చదువుతాం, ఇతనిది ఒక లైనులో పోతుంది.

గోడ మీద, చెయ్యి సముద్రం వైపు చూపిస్తున్న విగ్రహం ఉంది చూశారా? అది సుర్కూఫ్. 1800 అక్టోబరు 7న మన బంగాళాఖాతంలోనే, 18 ఫిరంగుల చిన్న ఓడతో, రెట్టింపు ఫిరంగులున్న కెంట్ అనే ఇంగ్లీషు కంపెనీ ఓడని పట్టుకున్నాడు.

కాకినాడ_కాజా
అంటే సముద్రపు దొంగకి విగ్రహం పెట్టారా?

యానాం_యాత్రికుడు
దొంగ కాదండీ, కోర్సేర్. ప్రభుత్వం రాసిచ్చిన పత్రం చేతిలో ఉంటుంది. శత్రుదేశం ఓడనే పట్టుకోవాలి, దొరికిన సొమ్ములో ప్రభుత్వానికి వాటా ఇవ్వాలి, లెక్క చూపాలి. పత్రం లేనివాడు దొంగ.

మాంట్రియల్_మధు
సొమ్ము పోయినవాడికి పత్రం ఉన్నా లేకపోయినా ఒకటే. పైగా సుర్కూఫ్ బానిసల వ్యాపారం కూడా చేశాడు, ఫ్రాన్సు 1794లో బానిసత్వాన్ని రద్దు చేశాక కూడా. ఆ ఊరి మేడల్లో ఆ డబ్బూ ఉంది. మా పాపకి అది కూడా చెప్పాను.

యానాం_యాత్రికుడు
మధు గారు చెప్పింది నిజం, కాదనను. విగ్రహం దగ్గర నిలబడి నేను కూడా పిల్లలకి రెండూ చెబుతాను.

ఉప్పు_వెన్న
తిండి సంగతి ఎవరూ ఎత్తరేం. మావాళ్ళు శాకాహారులు, అక్కడ ఏం పెట్టారు మీ అమ్మగారికి?

గోదారి_గట్టు
అదో బాధ. ఒక హోటల్లో గలెత్ అని అట్టులాంటిది మడిచి తెచ్చారు, విప్పితే లోపల పంది మాంసం ముక్క. అమ్మ లేచి వెళ్ళిపోయింది. రోజంతా అరటిపళ్ళే.

ఉప్పు_వెన్న
అయ్యో. "కొంప్లెత్" అని ఉంటే అందులో హామ్, చీజ్, గుడ్డు తప్పనిసరి. "సాన్ జాంబోన్", అంటే హామ్ లేకుండా, అని రెండుసార్లు చెప్పాలి. ఉత్త చీజు, పుట్టగొడుగులు, వేయించిన ఉల్లిపాయలు వేసి అడిగితే చేస్తారు. పెనానికి కొన్నిచోట్ల పంది కొవ్వు రాస్తారు, వెన్నతో చెయ్యమని ముందే అడగండి. గలెత్ పిండిని వాళ్ళు నల్లగోధుమ అంటారు కానీ అది గోధుమ కాదు, ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకి వాడే కుట్టు పిండి. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, కొంచెం మాడు వాసనతో, రవ్వట్టు తిన్నట్టే ఉంటుంది. మా నాన్నకి మేం ఇంట్లో చేసుకున్న నిమ్మకాయ కారం పక్కన పెడితే మూడు తిన్నారు.

బందరు_లడ్డు
గ్రాన్ బే దీవి గురించి జాగ్రత్త కూడా చెప్పండి ఎవరైనా. మేం సమాధి దగ్గర ఫోటోలు దిగుతూ ఆలస్యం చేశాం. ఆ సమాధి రచయిత షాతోబ్రియాన్‌ది, 1768లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. రాయి మీద పేరు కూడా లేదు, శిలువ ఒక్కటే. సముద్రమూ గాలీ తప్ప ఇంకేమీ వినకుండా నిద్రపోవాలనుకున్నాడు, దారిన పోయేవాళ్ళు ఆయన ఆఖరి కోరిక మన్నించాలి అని పక్కన పలక ఉంటుంది. అది చదివి కూర్చుండిపోయాం. లేచి చూస్తే దారికి రెండు పక్కల నుంచీ నీళ్ళు వస్తున్నాయి. అల లేదు, చప్పుడు లేదు, పళ్ళెంలో నీళ్ళు పోసినట్టు నింపాదిగా పాకుతున్నాయి. రాళ్ళ మీద పాచి. చెప్పులు చేతిలో పట్టుకుని మోకాళ్ళ లోతులో దాటాం. పిల్లలు ఏడ్చేశారు. నాకు ఆ టెన్షన్ ఇప్పటికీ కలలో వస్తుంది.

రెన్_రవి
ఇది అందరూ చదవాలి. ఆటు టైమ్‌కి రెండు గంటల ముందు వెళ్ళండి, ఆటు అయిన గంటకల్లా వెనక్కి వచ్చేయండి. నీళ్ళు దారి మీదికి వచ్చేస్తే దాటొద్దు, దీవి మీదే ఆగిపోండి. ఆరు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, కానీ ప్రాణం ముఖ్యం. రాయి మీద మీరు చూసిన కోట ఫోర్ట్ నాషనల్, దాని మీద జెండా ఎగురుతుంటేనే తెరిచినట్టు.

పాతరాయి
ఆటు వల్లే పుట్టిన కథ ఒకటి. పాతరోజుల్లో నీళ్ళు వెనక్కి పోతే గోడ బయట ఓడలు ఇసుక మీద కూర్చుండిపోయేవి, దొంగలు నడిచి వచ్చేసేవాళ్ళు. అందుకని రాత్రి పదింటికి గంట కొట్టి, తలుపులు మూసి, కాపలా కుక్కల్ని తీరం మీదికి వదిలేవాళ్ళు. 1770లో ఒక కుర్ర నౌకాధికారి వాటి నోట పడి చనిపోయాక మాన్పించారు. వాటిని కట్టేసిన చోటు గోడ దగ్గర ఇప్పటికీ చూపిస్తారు.

జెన్కో_మాజీ
రిటైర్డ్ ఇంజనీరుని. ఆ పక్కనే రాన్స్ నది ముఖం మీద పోటుతో కరెంటు తీసే కేంద్రం ఉంది, చూడకుండా రాకండి. 1966 నుంచి నడుస్తోంది. 750 మీటర్ల ఆనకట్ట, 24 టర్బైన్లు, 240 మెగావాట్లు. 2011లో కొరియా వాళ్ళు ఇంకొంచెం పెద్దది కట్టేదాకా ప్రపంచంలో పెద్దది ఇదే. పైన రోడ్డు, సాన్ మాలో నుంచి దినార్‌కి కార్లు దాని మీంచే వెళ్తాయి. చాలామంది కింద ఏముందో తెలియకుండానే దాటిపోతారు. మా అబ్బాయి కారు ఆపితే అరగంట రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

గోదారి_గట్టు
నిన్న రాత్రి తిరిగొచ్చాం. పున్నమి వెళ్ళిన విదియకే వెళ్ళాం, ఈసారి ఒక రాత్రి ఉన్నాం. అంకె 100 దాటింది.

మధ్యాహ్నం ఒకటిన్నరకి గోడ ఎక్కితే ఊరే మారిపోయింది. పోయిన వారం నీళ్ళున్నచోట మైదానం. బోన్ సెకూర్ తీరం దగ్గర పోయినసారి సముద్రం మధ్యలో ఒంటరిగా ఒక కాంక్రీటు మంచె కనపడింది, అదేమిటో అర్థం కాలేదు. అది ఈత కొలనులోకి దూకే మంచె! నీళ్ళు పోతే చుట్టూ గోడ కట్టిన కొలను బయటపడింది. గ్రాన్ బేకి నాన్న, నేను వెళ్ళాం. ఆటు అయిన అరగంటకి వెనక్కి వచ్చేశాం, లడ్డు గారి పోస్టు గుర్తుంది. సమాధి దగ్గర నాన్న ఫోన్ తీయనివ్వలేదు.

అమ్మ దీవికి రానంది. సియోన్ తీరంలో అలల్ని విరగ్గొట్టడానికి పాతిన ఓక్ దుంగలు ఉన్నాయి కదా, వేలల్లో. వాటి మధ్య నడిచింది. మనిషి కంటే ఎత్తు. తల దాకా నత్తగుల్లలు, నాచు. పైన చెయ్యి పెట్టి, "నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయా" అని అడిగింది. వస్తాయంటే నమ్మలేదు.

రాత్రి తొమ్మిదింటికి అదే చోట గోడ మీద నిలబడ్డాం. ఒక్క దుంగా కనపడలేదు. అమ్మ అరగంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. చలి, శాలువా కప్పుకోమన్నా వినలేదు.

గలెత్ ఉల్లిపాయలతో, వెన్నతో. ఉప్పు వెన్న గారికి అమ్మ థ్యాంక్స్ చెప్పమంది.

పాతరాయి
నాన్నగారు రాళ్ళు చూశారా?

గోదారి_గట్టు
చూశారండీ. చర్చి వెనక వీధిలో ఒక కాలిన మచ్చ వెతికి పట్టుకుని, నన్ను పిలిచి చూపించారు.

పారిస్_పద్మ
నేను మళ్ళీ వెళ్ళనని రాశాను కదా. అక్టోబరులో మా అత్తయ్యావాళ్ళు వస్తున్నారు. ప్రసాద్ గారూ, ఆ నెలలో విదియ, తదియ ఎప్పుడో కాస్త చూసి చెప్తారా?

పంచాంగం_ప్రసాద్
క్యాలెండర్ మేడ మీద ఉందమ్మా, తెచ్చి చెప్తాను. ఈలోగా సెలవు మాత్రం శనివారానికే అని పెట్టేసుకోకండి.